తక్కువ ధర కండెన్సర్ మైక్రోఫోను: కోనసీమ ఇంట్లో రికార్డింగు

1. పరిచయం

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో నాట్ల పాటలు, జోలపాటలు, మంగళహారతులు ఎక్కువగా పెద్దల నోటనే నిలిచి ఉన్నాయి. వారిచేత మళ్ళీ పాడించుకునే అవకాశం ప్రతిసారీ దొరకదు. కాబట్టి తొలి రికార్డింగే స్పష్టంగా ఉండాలి. దీనికి ఖరీదైన మైకు అవసరమా? ఈ భాగంలో పరిశీలిద్దాం.

2. పనిచేసే తీరు

కండెన్సర్ మైక్రోఫోనును 1916లో అమెరికాకు చెందిన ఇ.సి. వెంట్ రూపొందించాడు. ఇందులో బంగారు పూత పూసిన పలుచని పొర (డయాఫ్రం), దాని వెనుక ఒక లోహపు పలక ఉంటాయి. ధ్వని తగిలి పొర కంపించినప్పుడు రెండింటి మధ్య దూరం మారుతుంది. ఆ మార్పే విద్యుత్ సంకేతం అవుతుంది. ఇది పనిచేయడానికి ఆడియో ఇంటర్‌ఫేస్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి. సుమారు 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న పొరను పెద్ద డయాఫ్రం అంటారు. పొర పెద్దదైతే సాధారణంగా మైకు సొంత రొద తగ్గుతుంది.

3. ధర, నాణ్యత

పేరొందిన న్యూమన్ యు87 ఏఐ మైకు సొంత రొద 12 డెసిబెల్స్. దానికంటే ఎన్నో రెట్లు చౌకైన రోడ్ ఎన్‌టి1-ఎ రొద 5 డెసిబెల్స్ మాత్రమే. స్వరపు తీరులో తేడా ఉండవచ్చు. కానీ మీ రికార్డింగులో వినిపించే రొద చాలావరకు మైకుది కాదు, గదిది అని గుర్తించండి.

4. గదిని సిద్ధం చేయడం

ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. సిమెంటు గోడలు, గచ్చు నేల శబ్దాన్ని తిప్పికొడతాయి. కాబట్టి పాడేవారి వెనుక బొంతలు వేలాడదీయండి. ఈ రకం మైకులో చాలావాటికి పైనుంచి కాకుండా పక్కనుంచి పాడాలి. కంపెనీ గుర్తు ఉన్న వైపు సాధారణంగా ముందు భాగం. నోటికి, మైకుకు మధ్య జానెడు దూరం ఉంచండి. దూరాన్ని 40 సెంటీమీటర్ల నుంచి 20కి తగ్గిస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. గది రొద మాత్రం అంతే ఉంటుంది.

5. తేమ నుంచి రక్షణ

గోదావరి పాయలు, కాలువలు, సముద్రం ఉన్న కోనసీమలో గాలిలో తేమ ఎక్కువ. పొర దగ్గర తేమ చేరితే విద్యుదావేశం కారిపోయి చిటపట శబ్దాలు వస్తాయి. పని ముగిశాక మైకును సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో దాచండి. ఎండలో ఆరబెట్టవద్దు. ఏసీ గది నుంచి బయటకు తెస్తే, కొంతసేపు ఆగి పవర్ ఇవ్వండి.

6. అభ్యాసం

ఒకే పాటను 40, 20 సెంటీమీటర్ల దూరాల నుంచి, ఫ్యాను వేసి ఒకసారి, ఆపి ఒకసారి రికార్డు చేయండి. నాలుగింటినీ హెడ్‌ఫోన్లలో విని, ఏ మార్పు ఎక్కువ మేలు చేసిందో రాయండి. ఆ తరువాతే పెద్దవారిని పాడమని అడగండి.