బలాన్ని తూచే తక్కెడ ఏది?

మా సోమందేపల్లి, పెనుకొండ వైపు పల్లెల్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. రచ్చబండ దగ్గరో, గుడి ముందో పడి ఉండే రాతిగుండును తమ కాలంలో ఎవరెవరు ఎత్తారో పేర్లతో సహా చెబుతారు. పక్కనే ఇంకొకరు, "వాడు ఎనుబోతులా ఉండేవాడు, ఎత్తడం ఏం గొప్ప? ఫలానా వాడు పిడికెడు మనిషై ఉండీ ఎత్తాడు, అదీ గొప్ప!" అంటారు. ఈ తగవు తీర్చబోయి నేనొకసారి పొరపాటు చేశాను. అదేమిటో చెబుతాను, వినండి.

చాలా ఏళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక బడిలో ఆటల పోటీలు జరిగాయి. గోతాంలో ఇసుక పోసి, మూటను మోకాళ్ళ దాకా ఎత్తాలి. పదో తరగతి కుర్రవాళ్ళు ఇద్దరు చివరికి మిగిలారు. ఒకడు సన్నటివాడు, 40 కిలోలు. 50 కిలోల మూట ఎత్తాడు. రెండోవాడు బొద్దుగా, పొడుగ్గా ఉండేవాడు, 64 కిలోలు. 72 కిలోలు ఎత్తాడు. బహుమతి ఎవరికి? సైన్సు మేష్టారిని కదా అని నన్ను అడిగారు. నేను సుద్దముక్క తీసుకుని భాగహారం చేశాను. 50ని 40తో భాగిస్తే 1.25. 72ను 64తో భాగిస్తే 1.125. "తన బరువుతో పోలిస్తే సన్నటివాడే ఎక్కువ ఎత్తాడు" అని తీర్పు చెప్పి, పెన్ను వాడికి ఇప్పించాను. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. బొద్దుగా ఉన్నవాణ్ణి "తిన్న తిండంతా ఎక్కడికి పోయిందిరా?" అని ఏడిపించారు కూడా.

భాగహారంలో తప్పు లేదు. అసలు భాగించడంలోనే తప్పుంది. అది తెలియాలంటే మీ ఇంట్లో 8 ఖాళీ అగ్గిపెట్టెలు వెతకండి. పొడవులో రెండు, వెడల్పులో రెండు, ఎత్తులో రెండు వచ్చేలా పేర్చండి. అన్ని కొలతలూ రెండింతలైన పెద్ద అగ్గిపెట్టె తయారైంది. ఇప్పుడు దాని పై ముఖం చూడండి. అక్కడ 4 పెట్టెలే కనిపిస్తాయి. ఏ ముఖం చూసినా అంతే. కానీ మొత్తం పెట్టెలు 8. అంటే కొలతలు రెండింతలైతే వైశాల్యం 4 రెట్లు, ఘనపరిమాణం 8 రెట్లు అవుతాయన్నమాట.

దీనికీ మూటకూ ఏమిటి సంబంధం అంటారా? బావిలో చేద వేసే తాడును తలచుకోండి. తాడు పొడుగైతే ఎక్కువ బరువు మోస్తుందా? మోయదు. లావైతే మోస్తుంది. కండరమూ అంతే. దాని లాగే శక్తి ముఖ్యంగా దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. మన శరీరం బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఒకే పోలికలో ఉన్న మనిషి అన్ని కొలతల్లోనూ రెండింతలు పెరిగాడనుకుంటే, బలం 4 రెట్లే పెరుగుతుంది. బరువు 8 రెట్లు పెరుగుతుంది. బలాన్ని బరువుతో భాగిస్తే సగానికి పడిపోతుంది! అతడు సోమరి కాలేదు, తిండి వృథా కాలేదు. లెక్కే అలా ఉంది. చీమ తనకంటే ఎన్నో రెట్ల బరువును ఈడ్చుకుపోవడం వెనుక పెద్ద కారణం ఇదే. పెద్ద జంతువుల ఎముకలు అంత లావుగా ఎందుకుండాలో 1638లో అచ్చయిన తన గ్రంథంలో గెలీలియో వివరించింది కూడా ఈ సూత్రంతోనే.

మరి న్యాయమైన లెక్క ఏది? బరువుకు ఘనమూలం కట్టి, దాన్ని వర్గం చేసి, దానితో భాగించాలి. 64కు ఘనమూలం 4, దాని వర్గం 16. 72ను 16తో భాగిస్తే 4.5. 40కి ఘనమూలం సుమారు 3.42, వర్గం 11.7. 50ని 11.7తో భాగిస్తే 4.27. చూశారా, పెన్ను ఎవరికి చెందాలో!

ఈ లెక్కను నిజమైన వస్తాదులపై ప్రయోగించి చూద్దాం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమే. (ఆ పోటీలో మొదటి ఇద్దరూ సమానంగా 242.5 కిలోలు ఎత్తారు. ఆనాటి నియమం ప్రకారం తక్కువ బరువున్న చైనా అమ్మాయికి స్వర్ణం దక్కింది. తక్కెడ మీద కొద్ది తేడా పతకం రంగు మార్చిందన్నమాట.) అదే ఒలింపిక్స్‌లో 53 కిలోల విభాగంలో చైనాకు చెందిన యాంగ్ షియా 225 కిలోలు ఎత్తింది. 75 కిలోలు దాటినవారి విభాగంలో, సుమారు 103 కిలోల బరువున్న డింగ్ మెయియువాన్ 300 కిలోలు ఎత్తింది.

మామూలు భాగహారంతో యాంగ్ షియాకు 4.25, మల్లీశ్వరికి 3.48, డింగ్‌కు 2.91 వస్తాయి. డింగ్ ఎక్కడో వెనకబడినట్టు కనిపిస్తుంది. మన కొత్త లెక్కతో 15.9, 14.3, 13.7 వస్తాయి. దూరం బాగా తగ్గింది, చూడండి. అయినా పూర్తిగా పోలేదు. ఎందుకంటే మనుషులు అగ్గిపెట్టెలు కారు. బరువుకు పైహద్దు లేని విభాగంలో శరీరం మీద చేరేదంతా కండ కాదు, కొవ్వూ ఉంటుంది. అందుకే రాయ్ సింక్లెయిర్ అనే కెనడా గణితవేత్త 1978లో మరో దారి పట్టాడు. ఆయా బరువుల వాళ్ళు నిజంగా ఎత్తిన రికార్డుల నుంచే గుణకాలు తయారు చేశాడు. వేర్వేరు విభాగాల వాళ్ళను పోల్చడానికి అలాంటి గుణకాలను వాడుతూ వచ్చారు.

ఎత్తడం సంగతి సరే, గుద్దులాట మాటేమిటి? బాక్సింగ్‌లోనూ ఇదే తగవు. అన్ని బరువుల వాళ్ళనూ ఒకే వరుసలో నిలబెట్టి, బరువు తేడా లేకపోతే ఎవరు మేటి అని ఊహించి వేసే జాబితాను 'పౌండుకు పౌండు' జాబితా అంటారు. 90.7 కిలోలు దాటిన హెవీవెయిట్‌లకు అందులో చోటివ్వకూడదని కొందరి వాదన. వాళ్ళు బరువుతోనే గెలుస్తారు, చిన్నవాళ్ళకున్న చురుకు వాళ్ళకు లేదంటారు.

ఇప్పుడు మన అగ్గిపెట్టెలను మళ్ళీ తీయండి. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే వచ్చేది త్వరణం. బలం 4 రెట్లు, ద్రవ్యరాశి 8 రెట్లు అయినప్పుడు త్వరణం సగమే! కాబట్టి నిజామాబాదు అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయినప్పుడు మనం చూసి మురిసిన ఆ చురుకులో కొంత ఆమె సాధన, కొంత చిన్న శరీరానికి ప్రకృతి ఇచ్చిన వరం. పెద్దవాడికి బరువు వరమైతే, చిన్నవాడికి వేగం వరం. ఒకరి వరాన్ని తప్పుపట్టి, రెండోవారి వరాన్ని నేర్పు అనడం నాకు న్యాయంగా తోచదు.

పైగా హెవీవెయిట్‌కు ఎదురయ్యేవాడూ హెవీవెయిటే. కొన్నిసార్లు తనకంటే చాలా పెద్దవాడు. 2024 మే నెలలో ఉక్రెయిన్‌కు చెందిన ఉసిక్ సుమారు 101 కిలోలతో బరిలోకి దిగి, సుమారు 119 కిలోల టైసన్ ఫ్యూరీని ఓడించాడు. చిన్న విభాగాల్లో 18 కిలోల తేడాతో పోటీ పెట్టనే పెట్టరు. అలాంటివాడికి జాబితాలో చోటు లేదంటే ఎలా? అలాంటి జాబితాలకు చాలావరకు చూసేవారి అభిప్రాయమే ఆధారం. అందుకని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మొన్నామధ్య హిందూపురం బస్టాండులో ఆనాటి బొద్దు కుర్రవాడు కనిపించాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. టిక్కెట్టు వెనకాల ఈ లెక్కంతా వేసి చూపించి, "ఆ రోజు గెలిచింది నువ్వేరా" అన్నాను. అతను కాగితం చాలాసేపు చూశాడు.

"అట్లయితే ఆ పెన్ను ఇప్పుడన్నా ఇయ్యండి సార్" అన్నాడు.

జేబులో ఉన్న పెన్ను తీసి ఇచ్చాను.