కుక్కపిల్లకు మిగిలేది ఆరు వారాలే

మన దేశంలో 8 వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. కుక్కల పెంపకం, విక్రయాలపై 2017లో వచ్చిన నిబంధనలు చెప్పేది అదే. కుక్కపిల్ల కొత్త మనుషులకు, చప్పుళ్లకు, తోటి జంతువులకు ఇట్టే అలవాటుపడే వయసు మాత్రం 3వ వారంలోనే మొదలై, 12-14 వారాల మధ్య ముగిసిపోతుంది. ఇక మొదటి విడత టీకాలు 16వ వారం దాకా సాగుతాయి.

ఈ లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. పిల్ల మన గడప తొక్కేసరికే దాదాపు సగం కాలం గడిచిపోయింది. మన చేతికి మిగిలేవి మహా అయితే 6 వారాలు, అంటే 42 రోజులు. ‘టీకాలన్నీ పడ్డాక బయట తిప్పుదాంలే’ అని ఆగితే మిగిలేది సున్నా. ఆ తర్వాత కుక్క ఇంకేమీ నేర్చుకోదని కాదు. కానీ వారాల్లో అయ్యే పనికి నెలలు పడుతుంది, కొన్ని భయాలు ఎంతకీ పోవు.

ఈ వయసు సంగతి ఊహతో తేల్చింది కాదు. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాల పరిశోధకులు కొన్ని కుక్కపిల్లలను ఎత్తైన కంచె వేసిన పొలంలో, మనిషి కంటబడకుండా పెంచారు. కొన్నింటిని 2వ వారంలో, కొన్నింటిని 3, 5, 7, 9 వారాల్లో తెచ్చి, వారం పాటు మనుషుల మధ్య ఉంచారు. మిగిలినవి 14 వారాల దాకా మనిషినే ఎరగవు. ఆలస్యమైనకొద్దీ బెదురు పెరిగింది. 14 వారాలు ఆగినవైతే ఎంత బుజ్జగించినా మామూలు పెంపుడు కుక్కల్లా మనుషులకు మచ్చిక కాలేదు. ఈ ఫలితాలు 1961లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి.

మరి టీకాలు పూర్తికాకుండా బయటికి తీసుకెళ్తే ప్రాణాంతకమైన పార్వో వైరస్ సోకదా? ఆ భయం నిజమైనదే. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. చికిత్స అందకపోతే దాని బారినపడిన పిల్లల్లో ఎక్కువ శాతం చనిపోతాయి. పైగా తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ తగ్గేదాకా టీకా సరిగ్గా పట్టదు. అది ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో ముందుగా చెప్పలేం కాబట్టే 6-8 వారాల్లో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి 16వ వారం దాకా వేస్తారు. అయితే ఈ ముప్పు ఎంతో కూడా కొలిచారు. అమెరికాలో 1,012 కుక్కపిల్లల వివరాలతో 2013లో ఒక అధ్యయనం వెలువడింది. వాటిలో శిక్షణ తరగతులకు వెళ్లినవి 48. ఆ 48లో ఒక్కదానికీ పార్వో సోకలేదు. 48 చిన్న సంఖ్యే, పైగా అవి టీకాలు మొదలైన పిల్లలు, వెళ్లింది శుభ్రమైన గదులకు. మన వీధి మూల చెత్తకుప్పకు ఆ లెక్క వర్తించదు. అమెరికాలోని పశు ప్రవర్తన వైద్యుల సంఘం కూడా మొదటి టీకా పడి కనీసం 7 రోజులు గడిచాకే తరగతికి పంపమంటుంది.

అందుకే ఈ 42 రోజులూ పిల్లను వీధిలో నేల మీద దించకుండా, చంకనేసుకుని లోకం చూపించాలి. లిఫ్టు, ఆటో, నీళ్ల ట్యాంకర్, హెల్మెట్ తీయని డెలివరీ కుర్రాడు, చేతికర్రతో నడిచే తాతగారు, గొడుగు, కుక్కర్ కూత: పెద్దయ్యాక అది మొరిగేది వీటిని చూసే, వీటిని వినే. టీకాలు పూర్తిగా పడిన, నెమ్మదైన పెద్ద కుక్క ఉన్న బంధువుల ఇల్లు మంచి బడి. పార్కులో గుర్తు తెలియని కుక్కల గుంపు కాదు.

చూపించడం అంటే ఎదురుగా నిలబెట్టడం కాదు. పద్ధతంతా వరుసలో ఉంది: ముందు చప్పుడు, వెంటనే తిండి. 1904లో నోబెల్ అందుకున్న పావ్లోవ్ కుక్కల మీద చూపించింది ఈ వరుసనే. తిండి ముందు పెట్టి తర్వాత టపాకాయ వినిపిస్తే, తిండిని చూసినా బెదరడం నేర్చుకుంటుంది. ఉప్పు, ఉల్లి లేకుండా ఉడికించిన కోడి ముక్క, గోరంత చాలు (ఎండుద్రాక్ష మాత్రం వద్దు, కుక్కల మూత్రపిండాలకు విషం). ఇష్టమైన ముక్కను కూడా ముట్టడం లేదంటే అది మొండితనం కాదు, మీరు మరీ దగ్గరికి తెచ్చారని అర్థం. నాలుగడుగులు వెనక్కి జరగండి. ఆవలింతలు, పెదాలు నాకడం, మొహం తిప్పుకోవడం, తోక ముడవడం కూడా అదే మాట చెబుతాయి. చుట్టాల పిల్లలంతా వరసపెట్టి ఎత్తుకోవడం అలవాటు చేయడం కాదు, హింస.

దీపావళికి వేరే లెక్క. టపాకాయ మోత 4 మీటర్ల దూరంలో 125 డెసిబుల్స్ మించకూడదని నిబంధన. మనిషి చెవికి అందేది 20,000 హెర్ట్జ్ దాకా, కుక్కకు సుమారు 45,000. రికార్డు చేసిన టపాసుల చప్పుడును వినీ వినబడనంత సన్నగా పెట్టి, ముక్క అందిస్తూ, రోజురోజుకూ కాస్త పెంచాలి. పండగ రేపనగా మొదలుపెడితే లాభం లేదు.

‘ఒక్క దెబ్బేస్తే దారికొస్తుంది’ అనేవాళ్లకూ అంకెలున్నాయి. 2009లో అమెరికాలో 140 మంది యజమానులను అడిగారు. తమ కుక్కను కొట్టిన, తన్నిన వాళ్లలో 43 శాతం మందికి ఎదురైంది దాని తిరుగుబాటే. వెల్లకిలా పడేసి నొక్కిపట్టిన వాళ్లలో 31 శాతం మందిదీ అదే అనుభవం. 2020లో పోర్చుగల్‌లో 92 కుక్కలను పరిశీలించారు. దండించే శిక్షణ పొందినవాటి లాలాజలంలో, శిక్షణ ముగిశాక, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ ఎక్కువగా కనిపించింది. బహుమతులతో నేర్చుకున్నవి నిమ్మళంగా ఉన్నాయి. గుర్రుమన్నందుకు కొడితే కుక్క భయం పోదు, గుర్రుమనడం మానేస్తుంది. అంటే కరిచే ముందు మనకు స్పష్టంగా వినిపించే హెచ్చరికను మనమే తీసేశామన్నమాట.

రేబిస్ టీకా 12 వారాలు నిండగానే వేయించండి, అందులో బేరం లేదు. ట్రైనర్‌కు అడ్వాన్సు ఇచ్చే ముందు, కుక్క మాట వినకపోతే ఏం చేస్తారని అడగండి. ముళ్ల పట్టీ, కరెంటు షాకు, ‘ఎవరు బాసో చూపించాలి’ వంటివి జవాబులో వినిపిస్తే మరో ట్రైనర్‌ను చూసుకోండి.