అక్షరం తడబడే బిడ్డకు ఇల్లే బడి అయితే



నాలుగేళ్ల కిందటి మాట. ఒక ఆదివారం సండే స్కూల్లో పిల్లలచేత వరుసగా వాక్యం చదివిస్తున్నాము. తొమ్మిదేళ్ల బాబు ఒకడు తన వంతు రాగానే లేచి, బైబిలు తెరిచి, తడబాటు లేకుండా వచనం చెప్పాడు. సంతోషించి, ‘దాని కింది వచనం కూడా చదువు నాన్నా’ అన్నాము. వాడు పెదవి కదపలేదు. అప్పుడు మాకు తెలియని సంగతి ఏమిటంటే, మొదటి వచనాన్ని కూడా వాడు చదవలేదు. ముందున్న పిల్లలను లెక్కపెట్టుకొని, తన వంతుకు ఏ వచనం వస్తుందో చూసుకొని, అక్కచేత చెవిలో చెప్పించుకొని కంఠతా పట్టాడు. అంత తెలివైన పని చేసిన పిల్లవాడితో మేము అందరి ముందు ‘ఫోను తగ్గించి రోజూ చదువుకోవాలి’ అన్నాము. తర్వాత మూడు వారాలు వాడు రాలేదు.

నాలుగో వారం తల్లి ఒక్కతే వచ్చింది. ‘అయ్యగారూ, వాడికి పొగరు లేదండి. నిన్న చెప్పిన అక్షరం ఇవాళ నిలవదండి. నేనూ స్కేలుతో కొట్టాను’ అని ఏడ్చింది. అదే తరగతిలో మరో ఏడు ఉంచుతామని బడివారు చెప్పారట. పరీక్ష చేయించగా వాడికి డిస్లెక్సియా ఉందని, లెక్కల్లో కూడా ఇబ్బంది ఉందని తేలింది. ఆ తరువాత ఆ దంపతులు వాడిని బడి మాన్పించి ఇంట్లోనే చదివించడానికి నిర్ణయించుకున్నారు. ఆ కుటుంబంతో కలిసి నడిచిన ఈ సంవత్సరాల్లో మేము నేర్చుకొన్నది, ఇదే బాధలో ఉన్న ఇతర తల్లిదండ్రుల కోసం ఇక్కడ వివరిస్తున్నాము.

డిస్లెక్సియా అంటే ఏమిటి?

ఇది కంటి జబ్బు కాదు, బుద్ధిమాంద్యం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. మాటలోని శబ్దాలను విడివిడిగా పట్టుకొని, వాటిని అక్షరాలతో జతచేయడంలో మెదడుకు కలిగే ఇబ్బంది ఇది. పుట్టుకతో వస్తుంది. తరచుగా ఒకే కుటుంబంలో ఒకరికంటె ఎక్కువమందిలో కనిపిస్తుంది. ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గన్ అనే వైద్యుడు 1896లో ఒక వైద్య పత్రికలో పద్నాలుగేళ్ల బాలుడి గురించి రాశాడు. చదువు అంతా నోటితోనే చెప్పే పని అయితే ఆ బాలుడే బడిలో అందరికన్నా చురుకైనవాడు అవుతాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడ్డాడట. నూరేళ్లు దాటినా మన ఇళ్లలో ఈ పిల్లలను చూసే చూపు ఇంకా అక్కడికి చేరలేదు.

దీనికి మందు లేదు. టానిక్కులు, కంటి వ్యాయామాలు దీన్ని పోగొట్టవు. అయితే చూపు, వినికిడి సరిగా ఉన్నాయో లేదో ముందుగా పరీక్ష చేయించాలి. ఆ పిమ్మట క్లినికల్ సైకాలజిస్టు దగ్గర గాని, ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవారి దగ్గర గాని పరీక్ష చేయించాలి. ‘ఇది ఎవరి పాపం?’ అని గుచ్చి గుచ్చి అడిగే బంధువులు మన సంఘాల్లో కూడా ఉన్నారు. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్న అదే. ప్రభువు ఆ తప్పును ఆ మనిషి మీద గాని, అతని తల్లిదండ్రుల మీద గాని వేయలేదని మనం మరచిపోకూడదు.

తెలుగులో ఎక్కడ తట్టుకుంటారు?

ఇంగ్లీషులో ఒకే అక్షరం పలు విధాలుగా పలుకుతుంది. ‘కట్’, ‘పుట్’ అనే రెండు మాటల్లోనూ ఉన్నది యు అక్షరమే. తెలుగులో ఆ చిక్కు తక్కువ. రాసినట్లే చదువుతాము. కాని ఇక్కడ వేరే భారం ఉంది. గుర్తుపట్టవలసిన ఆకారాలు చాలా ఎక్కువ. హల్లు, దాని గుణింతం, దాని వత్తు ఒక్కచోటే పేరుకుంటాయి. ‘క్రీస్తు’ అనే మాటనే చూడండి. పలికేటప్పుడు క, ర, ఈ వరుసగా వస్తాయి. రాతలో మాత్రం ఈకారం పైన, రకారం కింద కూర్చుంటాయి. చెవి విన్న వరుస ఒకటి, కన్ను చూసే చోటు మరొకటి. వ, మ, య ఒకదానిలాగా ఒకటి ఉంటాయి. ప, ఫ, ష కూడా అంతే. మామూలు పిల్లలు కొన్ని నెలల్లో దాటే ఈ మెట్లు ఈ పిల్లలకు ఏళ్లు పట్టవచ్చు.

ఇంటి చదువుకు చట్టం ఏమంటుంది?

నిర్బంధ ఉచిత విద్యా చట్టం 2009లో వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ అది చదువును హక్కు చేసింది. ఇంటి చదువు గురించి అందులో విడిగా నియమం లేదు. అందుచేత ఇంట్లో చదివించే తల్లిదండ్రులు బిడ్డ నిజంగా చదువుకొంటున్నట్లు చూపగల నోటుపుస్తకాలు, రాతపనులు, తేదీలు జాగ్రత్తగా ఉంచుకోవడం మంచిది.

పరీక్షలకు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ఉంది. దాని ప్రాథమిక విద్యా కార్యక్రమంలో ఏ, బి, సి అనే స్థాయిలు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. పద్నాలుగేళ్లు నిండినవారు పదో తరగతి పరీక్షకు నమోదు కావచ్చు. తెలుగు మాధ్యమం కూడా ఉంది. సబ్జెక్టులన్నీ ఒకేసారి రాయనక్కరలేదు, ఐదేళ్ల గడువులో విడతలుగా రాయవచ్చు. లెక్కలు తప్పనిసరి సబ్జెక్టు కాదు. అయితే లెక్కలు వదిలేస్తే తరువాత కొన్ని కోర్సుల తలుపులు మూసుకుంటాయి గనుక తొందరపడి వదలవద్దు. మన రెండు రాష్ట్రాలకూ సొంత ఓపెన్ స్కూళ్లు ఉన్నాయి.

బిడ్డను బడి మాన్పించడానికి ముందు మరొకటి తెలుసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఈ అభ్యసన వైకల్యం కూడా ఉంది. దీన్ని చిన్నప్పుడే కనిపెట్టి తగిన బోధన చేయడం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడుల బాధ్యత అని ఆ చట్టం చెప్పింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి అందులో పేర్కొంది. వీటికి ధ్రువపత్రం అవసరం. మీ బడి ఇవి చేయడానికి సిద్ధపడితే, బిడ్డను అక్కడే ఉంచి, సాయంత్రం ఇంట్లో గంటసేపు ఈ పద్ధతిలో నేర్పడం చాలామందికి సరైన దారి. ఇంటి బడి అందరికీ కాదు. ఒకరి సంపాదన తగ్గుతుంది, బిడ్డకు స్నేహితులు తగ్గుతారు. మేము చెప్పిన తల్లి కుట్టుపనిని సగానికి తగ్గించుకోవలసి వచ్చింది. ఆ లెక్క ముందే వేసుకోండి.

చదవడం నేర్పే తీరు

అమెరికాలో 1930ల నుంచి శామ్యూల్ ఓర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ అనే ఇద్దరి పేరుతో వాడుకలోకి వచ్చిన పద్ధతి ఒకటి ఉంది. దాని సారం ఇది. శబ్దాన్ని, అక్షరాన్ని దాచకుండా నేరుగా నేర్పాలి. సులువైనదానితో మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టు ఎక్కించాలి. కన్ను, చెవి, నోరు, చెయ్యి కలిసి పనిచేయాలి. దీన్ని మన తెలుగుకు ఇలా మలచుకోవచ్చు.

మొదట పుస్తకం లేకుండా చెవికి పని పెట్టండి. ‘కమలలో క తీసేస్తే ఏం మిగిలింది?’ ‘మల.’ అన్నం తినేటప్పుడు, బండి మీద వెళ్లేటప్పుడు ఈ ఆట ఆడవచ్చు.

తరువాత అక్షరాలు. వర్ణమాల వరుసలోనే పోవాలని లేదు. ఆకారంలో బాగా తేడా ఉన్నవాటితో మొదలుపెట్టండి. వ, మ, య ఒకే వారంలో నేర్పవద్దు. ఒకటి గట్టిగా నిలిచిన తరువాతే రెండోది. పళ్లెంలో ఇసుకో బియ్యమో పోసి, శబ్దాన్ని పైకి పలుకుతూ వేలితో రాయించండి.

గుణింతం దగ్గర చాలామంది పిల్లలు ఓడిపోతారు. క నుంచి కః వరకు పాటలా అప్పజెప్పే బిడ్డ ‘కే’ ఒక్కటి విడిగా చూపిస్తే చెప్పలేడు. కాబట్టి ఒక హల్లుకు అన్ని గుర్తులూ నేర్పకుండా, ఒక్క దీర్ఘాన్నే పది హల్లులకు పెట్టి చూపండి. తాత, మామ, పాట, బాట అని వెంటనే మాటలు చదివించండి. అది నిలిచాక గుడి, ఆ తరువాత కొమ్ము. వత్తుల్లో ముందు అదే అక్షరానికి అదే వత్తు వచ్చే అక్క, అమ్మ, అన్న. పిమ్మట పుస్తకం, చంద్రుడు వంటివి.

ఒక్క విడత పదిహేను నిమిషాలు దాటవద్దు. రోజుకు రెండు మూడు విడతలు చాలు. నిన్నటిది తిరగవేయకుండా కొత్తది ఎత్తుకోవద్దు. మరో ముఖ్యమైన మాట. వాడు చదవలేనంత మాత్రాన వాడి జ్ఞానం ఆగిపోకూడదు. సైన్సు, సాంఘికం, కథలు, బైబిలు మీరు చదివి వినిపించండి. ఫోనులో ఆడియో బైబిలు పెట్టండి. జవాబులు నోటితో చెప్పించండి. చదవడం ఒక పాఠం, తెలుసుకోవడం మరో పాఠం. మొదటిది నెమ్మదిగా సాగుతున్నదని రెండోదాన్ని ఆపవద్దు.

లెక్కలు ఎందుకు తప్పుతాయి?

డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో కొందరికి సంఖ్యల భావమే అందదు. దాన్ని డిస్కాల్క్యులియా అంటారు. మరికొందరికి లెక్క తెలుసు, లెక్కలోని వాక్యం చదవలేరు. ఈ తేడా కనిపెట్టడం సులువు. ప్రశ్న మీరు చదివి వినిపించండి. అప్పుడు చెప్పగలిగితే ఇబ్బంది చదవడంలోనే ఉంది.

ఇంగ్లీషు మీడియం పిల్లలు థర్టీన్, థర్టీ దగ్గర తికమకపడతారు. తెలుగులో పదమూడు, ముప్పై అంటే ఆ గొడవ ఉండదు. ఇల్లు బడి అయినప్పుడు లెక్కను ముందు ఇంటి భాషలో చెప్పే స్వేచ్ఛ మీకుంది, వాడుకోండి.

అంకెలకంటె ముందు వస్తువులు. అగ్గిపుల్లలను పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టించండి. 52లో నుంచి 27 తీసివేయాలంటే ఐదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టండి. ఏడు పుల్లలు తీయడానికి చాలవు గనుక ఒక కట్ట విప్పాలి. ఇప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. తీసివేస్తే రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగులుతాయి. ‘అప్పు తెచ్చుకోవడం’ అంటే ఏమిటో చేతికి తెలుస్తుంది. వస్తువుల తరువాత బొమ్మ, బొమ్మ తరువాత అంకె. ‘నూట మూడు’ను 1003 అని రాసే బిడ్డకు వందలు, పదులు, ఒకట్లు అని మూడు గళ్లు గీసి ఇవ్వండి. గళ్ల నోటుపుస్తకంలో ఒక్కో గడిలో ఒక్కో అంకె రాయిస్తే వరుసలు చెదరవు.

ఎక్కాలు బట్టీ రాకపోతే తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించండి. ఐదు ఏడ్లు ముప్పై ఐదు. ఇంకో ఏడు కలిపితే ఆరు ఏడ్లు నలభై రెండు. ఎక్కాల పట్టిక పక్కనే ఉంచడం మోసం కాదు. మేము కళ్లద్దాలు పెట్టుకొని ప్రసంగ కాగితం చూసుకోవడం మోసం కాదు గదా! వామనగుంటలు, చింతగింజలు, కిరాణా కొట్లో చిల్లర, ఇవన్నీ లెక్కల పాఠాలే.

తల్లిదండ్రులకు ఒక మాట

తల్లే గురువు అయినప్పుడు ఒక ప్రమాదం ఉంది. పాఠం తప్పితే అమ్మ ప్రేమ కూడా తగ్గిందని బిడ్డ అనుకుంటాడు. కోపం వస్తున్నట్లు అనిపించగానే పుస్తకం మూసేయండి, మిగిలింది రేపు. సాయంత్రాలు ఆటకు, తోటి పిల్లల దగ్గరకు పంపండి. బొమ్మలు, సంగీతం, మరమ్మతులు, వాడి చేయి ఎక్కడ చురుకుగా ఉందో అక్కడ రోజూ కొంత సమయం ఇవ్వండి. తండ్రులు ‘అది ఆవిడ పని’ అనకుండా ఒక విడత తాము తీసుకోవాలి. ద్వితీయోపదేశకాండములో పిల్లలకు నేర్పే బాధ్యత ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు అని చెప్పబడింది. ఈ పిల్లల చదువు సరిగ్గా అలాగే, కూర్చుంటూ నడుస్తూ, కొద్దికొద్దిగా జరుగుతుంది.

సంఘం చేయవలసింది

కాపరులకు, సండే స్కూల్ టీచర్లకు మా మనవి. పిల్లలచేత వరుసగా చదివించవద్దు. చదవాలని చెయ్యి ఎత్తినవారికే ఇవ్వండి. కంఠత వాక్యాన్ని విని నేర్చుకొనే అవకాశం ఇవ్వండి. రాత పరీక్షలో వెనుకబడిన బిడ్డను నోటితో అడగండి. సంఘంలో రిటైరైన ఉపాధ్యాయులు ఉంటే వారానికి రెండు గంటలు ఇలాంటి ఇంటికి వెళ్లమనండి. ఆ తల్లి ఆ సమయంలో కాస్త నిద్రపోగలదు.

ఆ బాబుకు ఇప్పుడు పదమూడేళ్లు. తెలుగు నెమ్మదిగా, వేలు పెట్టుకొని చదువుతాడు. వత్తులు ఇంకా తప్పుతాడు. ఇంగ్లీషు కష్టంగానే ఉంది. వచ్చే ఏడు ఓపెన్ స్కూల్లో నమోదు చేయించాలని వాళ్ల ఆలోచన. సండే స్కూల్ కానుకలు లెక్కపెట్టే పని మాత్రం రెండేళ్లుగా వాడిదే. నాణేలను పదేసి దొంతులుగా పేర్చి, మొత్తం మాకు నోటితో చెబుతాడు. మేము పుస్తకంలో రాస్తాము.

ఆ ఆదివారం అన్న మాటకు మేము వాడిని క్షమాపణ అడిగాము. మీ సంఘంలో, మీ ఇంట్లో అలా అడగవలసిన బిడ్డ ఎవరైనా ఉంటే ఆలస్యం చేయవద్దని మా విన్నపం.