బొంతకు తుదికుట్టు: చేతిసూది నుంచి లాంగ్‌ఆర్మ్ యంత్రం వరకు

బొంత కుట్టడం మొదలుపెట్టిన వారందరూ దానిని పూర్తి చేయరు. పాత చీరల నుంచి, దర్జీ కొట్టులో మిగిలిన పీలికల నుంచి ముక్కలు కత్తిరించి, రంగులు జతచూసి, పైపొరను కూర్చడం వరకు పని ఉత్సాహంగానే సాగుతుంది. ఆ తరువాత పైపొర, దూది, అస్తరు అనే మూడింటినీ ఒకటిగా పరచి, ముడత రాకుండా వేలాది కుట్లతో బిగించి, చుట్టూ అంచు కట్టవలసిన ఘట్టం వస్తుంది. అక్కడ చేయి ఆగిపోతుంది. ట్రంకుపెట్టెల అడుగున మడతపెట్టి ఉండిపోయిన పైపొరలు ఎన్నో. బ్యాంకు పరిభాషలో చెప్పాలంటే అవి అమ్ముడుపోని సరుకు కూడా కావు, పూర్తికాని సరుకు. బట్టకు పెట్టిన సొమ్ము, దానికన్నా విలువైన శ్రమ, రెండూ అందులో చిక్కుబడి ఉంటాయి.

ఇతరులు ఆపిన చోటనే పని అందుకొని దానిని వృత్తిగా మలచుకున్నవారు ఉన్నారు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో హామిల్టన్ అనే చిన్న ఊరు ఉంది. జనాభా రెండు వేలకు లోపే. 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో పొదుపు దెబ్బతిన్న ఒక కుటుంబంలో జెన్నీ డోన్ అనే గృహిణి బొంతలు కూర్చేది. తుదికుట్టు కోసం ఆమె ఇచ్చిన బొంత నెలల తరబడి తిరిగి రాలేదు. అంత గిరాకీ ఉన్నదని గ్రహించిన ఆమె పిల్లలు ఒక లాంగ్‌ఆర్మ్ యంత్రాన్ని కొని తల్లికి అప్పగించారు. మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ అలా పుట్టి, క్రమంగా ఆ ఊరిలో అత్యధికులకు ఉపాధి కల్పించే సంస్థ అయింది. అయితే ఈ కథను చెప్పేవారు తరచుగా వదిలివేసే భాగం ఒకటున్నది. ఆ సంస్థ పెరిగింది యంత్రంపై వచ్చిన కుట్టుకూలితో కాదు. పాఠాలను వీడియోల ద్వారా ఉచితంగా నేర్పి, ముందే కత్తిరించిన బట్టముక్కలను అమ్మడంతో. యంత్రం కొనడానికి రుణం కోరేవారు ఈ సంగతిని ముందుగా మనసున పెట్టుకోవాలి.

మన దేశంలో ముగింపు పని

ఈ పని మనకు కొత్తది కాదు. బెంగాల్ కాంథాలో పాత చీరల పొరలను కేవలం కచ్చా కుట్టుతో కలుపుతారు. చీర అంచుల నుంచి లాగిన దారంతోనే ఆ కుట్లు వేయడం పూర్వపు అలవాటు. బీహారులో సుజని, రాజస్థాన్, గుజరాత్, సింధు ప్రాంతాలలో రల్లీ, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది, మన ప్రాంతంలో బొంత - పేర్లు వేరు, సూత్రం ఒకటే. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది స్త్రీలు తాము కుట్టే కవంద్‌కు నాలుగు మూలలా మడతపెట్టిన త్రికోణపు బట్టముక్కలను కుడతారు. వాటిని పూలు అంటారు. ఆ పూలు లేని కవంద్ వారి దృష్టిలో బట్ట కట్టని మనిషితో సమానం. ముగింపు అన్నది అలంకారం కాదనీ, వస్తువుకు అదే పరువనీ ఆ స్త్రీలకు ఎవరూ చెప్పనవసరం లేదు.

చేతికుట్టుకు ఉన్న విలువ దానిది. పెద్ద పరుపుకు సరిపడే బొంతను దగ్గర దగ్గర కుట్లతో ముగించడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. దానికి తగిన ధర ఇచ్చే కొనుగోలుదారు దొరికినప్పుడు యంత్రం జోలికి పోవడం అవివేకం. చేతిపని అని చెప్పి యంత్రపు కుట్టును అమ్మడం మాత్రం మోసమే. అటువంటి సరుకు ఒక్కసారి బయటపడితే ఊరంతటి పేరు పోతుంది.

ఉన్న మిషనుపైనే స్వేచ్ఛాకుట్టు

యంత్రంపై బొంతకుట్టు నేర్వదలచినవారు మొదట ఫ్రీ మోషన్ అనే స్వేచ్ఛాకుట్టును అభ్యసించాలి. సాధారణంగా మిషను పాదం కింద ఉన్న పళ్ళు బట్టను వెనుకకు లాగుతాయి. అందువల్ల కుట్టు సూటిగా, సమంగా పడుతుంది. ఆ పళ్ళను కిందికి దించి, సాధారణ పాదానికి బదులు బట్టపై తేలుతూ కదిలే రఫూ పాదాన్ని బిగిస్తే, బట్టను ఏ వైపునకైనా చేతులతో నడపవచ్చు. అప్పుడు సూది కలం, బట్ట కాగితం. తేడా ఏమిటంటే ఇక్కడ కలం నిలిచి ఉంటుంది, కాగితం కదులుతుంది.

మన పల్లెలలో ఒక అనుకూలత ఉన్నది. పాదం తీసివేసి, రింగులో బిగించిన జాకెట్టు బట్టను సూది కింద తిప్పుతూ పూలు, లతలు కుట్టే మిషను ఎంబ్రాయిడరీ పనివారు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. వారు చేసేది స్వేచ్ఛాకుట్టే. పొరలు మందంగా ఉండటం, బట్ట బరువు చేతులమీద పడటం, ఈ రెండే వారికి కొత్త. శిక్షణకు అభ్యర్థులను ఎంపిక చేసేవారు ముందుగా వీరిని వెదకడం మేలు.

ఇందులో కుట్టు పొడవును నిర్ణయించేది మిషను కాదు, చేయి. మిషను నిమిషానికి 600 కుట్లు వేస్తున్నదనుకుందాం. అంటే సెకనుకు 10 కుట్లు. అంగుళానికి 10 కుట్లు పడాలంటే చేతులు సెకనుకు ఒక అంగుళం చొప్పున బట్టను నడపాలి. చేయి వేగిరపడితే కుట్లు సాగుతాయి. మందగిస్తే ఒకచోట పోగుపడి దారం తెగుతుంది. ముఖ్యంగా వంపులలో చేయి తెలియకుండానే వేగం పుంజుకుంటుంది. దానివల్ల అడుగున దారం కనురెప్పల వెంట్రుకల వలె బయటికి లాగుకుని వస్తుంది. పైనుంచి చూస్తే కుట్టు చక్కగానే కనిపిస్తుంది కనుక, ప్రతి అడుగుకూ బొంతను తిప్పి చూడటం అలవరచుకోవాలి. వెంట్రుకలు కనిపిస్తే వంపులలో నెమ్మదించాలి. అప్పటికీ పోకపోతే పైదారపు బిగువు కొద్దిగా పెంచాలి.

బాబిన్ బిగువును పరీక్షించే పద్ధతి దర్జీలకు తెలిసినదే. బాబిన్ కేసును దారంతో వేలాడదీస్తే తనంత తాను జారరాదు. చేతిని చిన్నగా విదిలిస్తే ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగాలి. సూది 14 నంబరుది వాడితే మూడు పొరలకు సరిపోతుంది. మొండిబారిన సూది దూదిని అడుగుకు నెట్టుతుంది. దానికి ఎనిమిది గంటల పని తరువాత సెలవివ్వడమే పొదుపు.

అభ్యాసానికి మంచి బొంతను తీయవద్దు. పాత దుప్పటి ముక్కల నడుమ దూది పెట్టి 14 అంగుళాల చదరాలు పదో పదిహేనో సిద్ధం చేసుకోవాలి. ముందుగా పలకపైనో కాగితంపైనో పెన్సిలు ఎత్తకుండా గీతలు గీయాలి. ఒకదానినొకటి దాటకుండా మెలికలు తిరిగే గీత తొలి పాఠం. అది కుదిరాక ఆకులు, తీగలు, శంఖాలు. చుక్కల చుట్టూ మెలికల ముగ్గు వేసే స్త్రీకి ఈ పాఠం త్వరగా పట్టుబడుతుంది. రోజుకు అరగంట చొప్పున రెండు మూడు నెలలు చేస్తే అమ్మదగ్గ కుట్టు వస్తుంది. చేతులకు రబ్బరు చుక్కల తొడుగులు ఉంటే బట్ట జారదు.

కాలితో తొక్కే మిషను ఈ పనికి పనికివస్తుంది, ఎందుకంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. చేతితో తిప్పే మిషను పనికిరాదు. మూడు పొరలను ముందుగా పిడికెడు దూరానికొక పిన్ను చొప్పున గానీ, పొడుగు టాకాలతో గానీ కలిపి, నడుమ నుంచి అంచుల వైపునకు కుట్టుకుంటూ పోవాలి. అసలు చిక్కు మిషను మెడలో ఉన్నది. సూదికీ కుడివైపు కంబానికీ మధ్య ఉండే ఏడెనిమిది అంగుళాలలో పరుపంత బొంతను చుట్టగా చుట్టి దూర్చవలసి వస్తుంది. పసిపిల్లల బొంతలకు ఇబ్బంది లేదు. 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్నదానితో మాత్రం భుజాలు పడిపోతాయి.

లాంగ్‌ఆర్మ్ చేసేదేమిటి

ఆ ఇబ్బందిని తీర్చడానికి వచ్చినదే లాంగ్‌ఆర్మ్. ఇందులో బట్ట కదలదు, మిషను కదులుతుంది. పది పన్నెండు అడుగుల చట్రంపై అస్తరును, పైపొరను దొర్లుకర్రలకు బిగించి, నడుమ దూదిని పరుస్తారు. పట్టాలపై అమర్చిన మిషనును పిడులు పట్టుకుని నాలుగు దిక్కులకూ నడుపుతారు. మెడ పొడవు 18 అంగుళాలు మొదలుకొని 30 అంగుళాల వరకు ఉంటుంది. ఒక వరుస కుట్టి, బట్టను చుట్టి, తరువాతి వరుసకు వెళతారు. పిన్నులతో, టాకాలతో పని లేదు. ఆదా అయ్యే కాలంలో పెద్దభాగం ఇదే. కుట్టు నియంత్రకం ఉన్న యంత్రమైతే చేతివేగం ఎటు మారినా కుట్టు పొడవు ఒకే తీరున ఉంటుంది. వెనుకవైపు పరచిన కాగితపు నమూనాపై కాంతిచుక్కను నడుపుతూ కుట్టే పద్ధతి ఉంది. కంప్యూటరు తానే నడిపే యంత్రాలూ ఉన్నాయి. రజాయి కర్మాగారాలలో గజాల కొద్దీ ఒకే నమూనాను కుట్టే బహుసూదుల యంత్రం వేరు, ఇది వేరు. డీలర్లు ఈ భేదాన్ని కొనుగోలుదారుకు విడమరచి చెప్పాలి.

అస్తరు పైపొర కన్నా నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి. అంటే 60కి 90 బొంతకు 68కి 98. ఇది చెప్పకపోతే ఖాతాదారులు సరిసమానంగా కత్తిరించి తెస్తారు. ఒకరి పైపొరను చేతికి తీసుకునేటప్పుడే బల్లపై పరచి, రెండు అంచుల వద్దా నడుమా కొలిచి, తేడాలను రసీదుపై వ్రాయాలి. అంచుపట్టీని కొలవకుండా కుట్టిన బొంతలలో అంచు అలలుగా లేస్తుంది. ఆ అలలను ఏ యంత్రమూ మాయం చేయలేదు. ముందుగా వ్రాసుకోకపోతే ఆ లోపం కుట్టినవారి నెత్తిన పడుతుంది.

గది కనీసం 14 అడుగుల పొడవుండి, చట్రానికి ఇరువైపులా మనిషి తిరగగలగాలి. నేల ఎగుడుదిగుడుగా ఉంటే మిషను ఒకవైపునకు జారుతుంది. గీత నడుమ కరెంటు పోతే ఆ చోటు శాశ్వతంగా కనిపిస్తుంది కాబట్టి యూపీఎస్ ఖర్చును అంచనాలో చేర్చాలి. దూదిపొట్టు రోజూ తుడవాలి, నూనె రోజూ వేయాలి.

లెక్క ఎలా వేసుకోవాలి

ధరలు యంత్రాన్ని బట్టి మారుతాయి కాబట్టి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. యంత్రానికి తీసుకున్న రుణం 5 లక్షల రూపాయలు, వడ్డీ 12 శాతం, గడువు 60 నెలలు. నెలసరి వాయిదా సుమారు 11,122 రూపాయలు. ఒక బొంతకు తుదికుట్టు కూలి 900 రూపాయలు, అందులో దారం, కరెంటు, సూదులు, మరమ్మతులకు 200 పోగా మిగిలేది 700. వాయిదా కట్టడానికే నెలకు 16 బొంతలు కావాలి. కుట్టే మనిషికి నెలకు 10,000 రూపాయలైనా దక్కాలంటే 31 బొంతలు. అంటే పనిదినానికి ఒకటి కన్నా ఎక్కువ. కొత్తగా నేర్చినవారు మొదటి నెలలలో రోజుకొకటి పూర్తి చేయడమే కష్టం. అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న, నెలకు 31 పైపొరలను తెచ్చి ఇచ్చేదెవరు?

మరొక పక్క, రఫూ పాదం, పళ్ళు దించే సౌకర్యం ఉన్న మోటారు మిషనుకు, వెడల్పు బల్లకు కలిపి 40,000 రూపాయల రుణం, అదే వడ్డీ, 24 నెలల గడువు అనుకుంటే వాయిదా సుమారు 1,883 రూపాయలు. పసిపిల్లల బొంతకు 250 రూపాయలు మిగిలినా ఎనిమిదింటితో వాయిదా తీరుతుంది. బొంతల పని లేని నెలలో అదే మిషనుపై జాకెట్లు కుట్టవచ్చు. లాంగ్‌ఆర్మ్‌పై జాకెట్టు కుట్టలేము. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో ఒంటరి రుణగ్రహీతకు తొలి అప్పు లాంగ్‌ఆర్మ్ కారాదు. చుట్టుపక్కల గ్రామాల పైపొరలను పోగుచేయగల స్వయం సహాయక సంఘానికో, ఇప్పటికే రజాయి వ్యాపారం ఉన్నవారికో అది తగుతుంది.

బ్యాంకులు నిర్వహించే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో కుట్టుపని శిక్షణ ఉచితం. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం వర్తించే 18 వృత్తులలో దర్జీపని ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయం, తొలివిడతగా 18 నెలల గడువుతో లక్ష రూపాయల వరకు రుణం, 5 శాతం వడ్డీ ఆ పథకంలో నిర్దేశించారు. 2015లో ఆరంభమైన ముద్ర రుణాలలో శిశు విభాగం 50,000 రూపాయల వరకు, కిశోర్ విభాగం 5 లక్షల వరకు. దరఖాస్తుకు ముందు అప్పటి నిబంధనలను శాఖలో సరిచూసుకోవాలి. కొటేషను ఇచ్చే డీలరు యంత్రం బిగింపు, కనీసం మూడు రోజుల శిక్షణ, సూదులు, బాబిన్లు దొరికే చోటు, మరమ్మతుకు మనిషి ఎన్ని రోజులలో వస్తాడన్నది అందులో వ్రాసి ఇవ్వాలి. వ్రాతలో లేని హామీకి రుణాధికారి విలువ ఇవ్వలేడు.

అంచు కట్టుట

కుట్టు ముగిసిన బొంతను గుండ్రబిళ్ళ కత్తితోనో పదునైన కత్తెరతోనో మూలమట్టం పెట్టి చదరం చేయాలి. 60కి 90 బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకు, అతుకులకు మరో 12 కలుపుకోవాలి. 44 అంగుళాల పన్నా బట్ట నుంచి రెండున్నర అంగుళాల పట్టీలు ఎనిమిది, అంటే 20 అంగుళాల బట్ట, చాలు. పట్టీలను ఏటవాలుగా అతికి, నిలువునా మడిచి ఇస్త్రీ చేసి, పైవైపున పావు అంగుళం లోపలికి కుట్టాలి. మూలకు పావు అంగుళం ఉండగా కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి మళ్ళీ కిందికి దించితే మూల పదునుగా తిరుగుతుంది. ఎరుపు, నీలం ముక్కలను కూర్చకముందే తడిపి తెల్లగుడ్డతో ఒత్తి చూడాలి. రంగు అంటితే ఉతికి వాడాలి.

వెనుకవైపు పట్టీని మిషనుతో కుడితే పది పదిహేను నిమిషాల పని, చేతితో కుడితే ఒక సాయంత్రం. చేతి అంచు కోరే ఖాతాదారులు ఉన్నారు, వారు అదనపు కూలి ఇవ్వడానికి వెనుకాడరు. రసీదులో ఆ రెండింటి ధరలను వేర్వేరుగా చూపాలి.