ఇంటికి అడ్వాన్స్ ఇచ్చే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించారా?

ఉద్యోగం అనంతపురంలో. ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, ఐదారేళ్ల కిందట కట్టిన ఇల్లు అమ్మకానికి వచ్చింది. చుట్టూ పది సెంట్ల స్థలం, రెండు మామిడి చెట్లు. బండి మీద అరగంటలో ఆఫీసు చేరుకోవచ్చు. ఎవరికి మనసు లాగదు? వాస్తు చూస్తాం, ఈసీ తీయిస్తాం. బోరులో నీళ్లు ఎన్ని అంగుళాలు పడ్డాయో అడుగుతాం. ఆ నీళ్లలో ఏముందో మాత్రం అడగం.

ఆ మధ్య మా ఓపీకి ఒక కుటుంబం వచ్చింది. ఆరేళ్ల కిందట ఇలాంటి ఇల్లే కొనుక్కున్నారు. "పొద్దున లేచేసరికి నడుము, మోకాళ్లు పట్టేసినట్టుంటున్నాయి సార్" అంది ఆమె. మామూలు రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. పక్కన నిలబడ్డ ఎనిమిదేళ్ల పాప నవ్వితే చూశాను. కొత్తగా వచ్చిన ముందు పళ్ల మీద సున్నం గీసినట్టు తెల్లచారలు, మధ్యలో గోధుమరంగు మరకలు. "సరిగా తోముకోదు సార్" అంది తల్లి. అవి తోమితే పోయే మరకలు కావు. బోరు నీళ్లు పరీక్షకు పంపించాను. లీటరుకు 3 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడ్ ఉందని తేలింది. "కొబ్బరినీళ్లలా ఉంటాయి సార్ మా నీళ్లు!" అన్నాడు ఆయన.

రుచి చెప్పదు

ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఉండవు. మన నేల కింద ఉన్న గ్రానైట్ రాయిలోనే ఆ ఖనిజాలున్నాయి. నీరు రాతి పగుళ్లలో ఎంతకాలం నిలిస్తే అంత ఫ్లోరైడ్ కరుగుతుంది. జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కొత్త నీరు చేరదు, బోర్లు వందల అడుగులకు దిగుతాయి. పక్కపక్క బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది కాబట్టి, పక్కింటి రిపోర్టు మీకు పనికిరాదు.

ఇది మనకు కొత్త జబ్బు కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. మన జిల్లా పల్లెలకు జలాశయాల నీరు అందించేందుకు 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చింది. అయితే పాత ఊరికి కుళాయి ఉన్నా, శివారు లేఅవుట్‌కు ఉండకపోవచ్చు. మీరు చూస్తున్న ఇంటికి ఉందో లేదో స్వయంగా తిప్పి చూడండి.

ఎంత దాటితే ముప్పు?

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు. అది దాటితే పిల్లల పళ్లు మచ్చలు పడతాయి. ఎనిమిదేళ్లలోపు, చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులోనే ఈ నష్టం జరుగుతుంది. 3 దాటిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ముప్పు మరింత ఎక్కువ.

పరీక్ష ఇలా

మోటారు పది నిమిషాలు వదిలాక, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండుసార్లు తొలిచి, లీటరు పట్టండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో ఇచ్చి, ఫ్లోరైడ్ చూడమని ప్రత్యేకంగా చెప్పండి. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్‌ను చూపదు. కొన్న తర్వాత కూడా ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి చేయించండి.

ఎక్కువుంటే ఇల్లు వదులుకోవాలా?

అక్కర్లేదు. స్నానానికి, బట్టలకు, చెట్లకు ఆ నీళ్లు వాడుకోవచ్చు. తాగే నీరు, వంట నీరు మాత్రం మార్చాలి. కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ కూడా దాన్ని తీయలేవు. ఆర్‌ఓ తీస్తుంది. మెంబ్రేన్ వేళకు మార్చాలి, వడకట్టిన నీటినీ పరీక్షించాలి. రోజూ ఊళ్లోకి వచ్చిపోయేవారైతే కుళాయి నీళ్లు ఒక క్యాను బండి మీద తెచ్చుకోవడమూ మార్గమే.

పెద్ద స్థలం అసలు లాభం ఇక్కడే ఉంది. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదిలో పడే వాన సుమారు 50 వేల లీటర్లు. నలుగురికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు చాలు, అంటే ఏడాదికి 7,300 లీటర్లు. పది వేల లీటర్ల మూత సంపు కడితే వాన నీరే సరిపోతుంది. మిద్దె ఊడ్చాలి, తొలి వాన నీటిని బయటికి వదిలేయాలి, మిగతాది వడకట్టి నింపాలి. ఈ నీటిని మాత్రం కాచి తాగండి.

ఇప్పటికే అలాంటి ఇంట్లో ఉంటే

మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు అందుకోగలరా? గడ్డం ఛాతీకి ఆనించగలరా? రెండు చేతులూ తల వెనక కలపగలరా? ఇదివరకు చేయగలిగినవి ఇప్పుడు కాకపోతే, సొంతంగా నొప్పి మాత్రలు మింగుతూ కూర్చోక డాక్టరును కలవండి. కాల్షియం, విటమిన్ సి ఉన్న తిండి మేలు చేస్తుంది. మన రాగి సంగటి, పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ చాలు. సంగటి వండే నీళ్లు కూడా మంచివి కావాలని మరవకండి.

ఆ కుటుంబం ఇల్లు అమ్మలేదు, సంపు కట్టుకుంది. కొన్ని నెలలకు ఆమె నొప్పులు కొంత తగ్గాయి. పాప పళ్ల మీది మరకలు అలాగే ఉంటాయి. పైపూతతో దంతవైద్యులు కప్పగలరు తప్ప చెరపలేరు. తమ్ముడికి ఇంకా రెండేళ్లే. వాడి పళ్లు ఇప్పుడే తయారవుతున్నాయి, వాడికి సమయం ఉంది. అడ్వాన్స్ ఇవ్వని మీకూ ఉంది.