నీడతో నారంభింపవలసిన పాఠము

భూమి తన యక్షముపై తాను తిరుగుటచేత రాత్రింబగళ్లును, సూర్యుని చుట్టును తిరుగుటచేత ఋతువులును కలుగుచున్నవని మన బిడ్డలు ఉన్నత పాఠశాల గడప త్రొక్కిన కొలదికాలమునకే కంఠస్థము చేయుదురు. పరీక్షలో ఆ రెండు వాక్యములను అక్షరము తప్పకుండ వ్రాసి మార్కులును తెచ్చుకొందురు. కాని అదే పిల్లవానిని చేరబిలిచి, వేసవిలో ఎండ లంతగా మండుటకు కారణమేమని యడిగి చూడుడు, పుస్తకపు మాట ప్రక్కకు పోయి వాని మనసులోని మాట వెలికి వచ్చును: "అప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా పోద్ది గదా సార్!" ఈ పొరపాటు పల్లెటూరి బడిపిల్లలకు మాత్రమే చెందినది కాదు. 1987లో హార్వర్డు విశ్వవిద్యాలయపు స్నాతకోత్సవమున పట్టభద్రులను, పూర్వవిద్యార్థులను, అధ్యాపకులను మొత్తము 23 మందిని ఋతువుల కారణమును గూర్చియో చంద్రకళలను గూర్చియో ప్రశ్నించి చలనచిత్రముగా తీసిరి. అందు 21 మంది తప్పు సమాధానమే చెప్పిరి.

నిజమునకు భూమి సూర్యునికి మిక్కిలి సమీపమున నుండునది జనవరి మొదటి వారములో, అనగా మన పల్లెలలో సంక్రాంతి ముంగిట మంచు కురియుచు ముగ్గులపై తెల్లవారు దినములలో. అప్పటి దూరము సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు; జూలై మొదటి వారమున అది 15.2 కోట్ల కిలోమీటర్లగును. మరి యీ భ్రమ యెట్లు పుట్టెను? నా యభిప్రాయమున దోషమున సగము పుస్తకములలోని పటమునదే. కక్ష్య దీర్ఘవృత్తమని బోధించు తొందరలో చిత్రకారులు దానిని సాగదీసి కోడిగ్రుడ్డువలె గీయుదురు. సూర్యుని ఒక కొననుంచుదురు. దానిని చూచిన బుద్ధిమంతుడైన బాలుడు ఈ కొన వేసవి, ఆ కొన శీతకాలము అని ఊహించుకొనుటలో వాని తప్పేమున్నది? భూకక్ష్యను 30 సెంటీమీటర్ల వెడల్పున యథాతథముగా గీసినచో, దాని పొడవునకును వెడల్పునకును గల భేదము మిల్లీమీటరులో ఇరువదియైదవ వంతు మాత్రమే. పెన్సిలు గీత మందము దానికన్న ఎక్కువ.

పిల్లలు బడికి వట్టి మనసుతో రారు. అలా సమరపుంగవన్, వోస్నియాడౌ, బ్రూయరు అను పరిశోధకులు హైదరాబాదులో ఒకటవ, మూడవ తరగతుల పిల్లలను విడివిడిగా ప్రశ్నించి 1996లో ప్రకటించిన వ్యాసమున ఒక విశేషము కలదు: ఆ పిల్లలలో పలువురు భూమి నీటిపై తేలుచున్నదని, లేక నీరు దానిని మోయుచున్నదని తలచుచుండిరి. ఇంటిలో విన్న కథలు, కంటితో చూచిన నేల, బడిలో విన్న గోళము, ఈ మూడింటిని ఆ పసివారు తమకు తోచినట్లు కలిపి ఒక ప్రపంచమును కట్టుకొనియుండిరి. అట్టి మనసుపై మరి రెండు వాక్యములు వ్రాసినంత మాత్రమున ఆ కట్టడము కదలదు. కంటితో కట్టుకొన్నదానిని కంటితోనే సరిదిద్దవలెను. అందుచేత ఈ పాఠము గ్లోబుతో గాక నీడతో నారంభింపవలెనని నా దృఢవిశ్వాసము. ఆ నీడ పిల్లవాని సొంత ఊరి నీడయే కావలెను.

నెల్లూరునకు ఈశాన్యమున, పెన్న సముద్రమున కలియు చోటికి అనతిదూరమున నున్న విడవలూరునే తీసికొందము. ఈ ఊరు సుమారు 14.6 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. పాఠశాల ఆవరణమున చదునైన చోట నీరు పోసి మట్టము చూచి, మీటరు పొడవు గల కఱ్ఱను తూకపుగుండు సాయమున నిట్టనిలువుగా నాటి, దాని మొదలు కేంద్రముగా త్రాటితో ఒక వృత్తము గీయవలెను. ఉదయమున నీడ కొన ఆ వృత్తమును తాకి లోనికి వచ్చు చోట ఒక మేకును, సాయంకాలమున తాకి వెలుపలికి పోవు చోట మరియొక మేకును దిగగొట్టి, ఆ రెంటిని కలిపినచో తూర్పుపడమరల రేఖ దొరకును. దిక్సూచి యక్కరలేదు. సూర్యసిద్ధాంతమున త్రిప్రశ్నాధికారము చెప్పిన శంకుస్థాపన విధాన మిదియే; మన పూర్వులు పండ్రెండంగుళముల శంకువు నుపయోగించిరి, మనము మీటరు కఱ్ఱ నాటితిమి, అంతియే భేదము. ఒక్క దినములోనే పిల్లలు భూభ్రమణపు జాడను నేలపై చూతురు: నీడ పడమటనుండి ఉత్తరముగా తూర్పునకు జరుగుట, మధ్యాహ్నమున కురుచయగుట, మరల సాగుట.

కాని అసలు అద్భుతము ఒక సంవత్సరము ఓపిక పట్టిన వారికే కనబడును. డిసెంబరు 21, 22 తేదీల మధ్యాహ్నమున ఆ కఱ్ఱ నీడ ఉత్తరముగా 78 సెంటీమీటర్లుండును. మార్చి 20, 21 తేదీలకు 26 సెంటీమీటర్లకు తగ్గును. ఏప్రిల్ 29వ తేదీ ప్రాంతమున నీడయే యుండదు. సూర్యుడు సరిగా నడినెత్తిపైకి వచ్చును. ఆపై, ఉత్తరదేశమున ఢిల్లీ పిల్లలు ఎన్నడును చూడజాలని వింతయొకటి జరుగును: మధ్యాహ్నపు నీడ దక్షిణముగా తిరుగును. జూన్ 21 నాటికి దక్షిణముగా పదునైదు సెంటీమీటర్లకు కొంచెము పైగా పెరిగి, మరల తగ్గుచు వచ్చి, ఆగస్టు 13వ తేదీ ప్రాంతమున రెండవసారి మాయమగును. ఉభయ తెలుగు రాష్ట్రములలోని ప్రతి యూరికిని సంవత్సరమున ఇట్టి దినములు రెండు గలవు; హైదరాబాదునకు మే 9, ఆగస్టు 3 ప్రాంతమున వచ్చును. విషువద్దినమున పండ్రెండంగుళముల శంకువు వేయు మధ్యాహ్నచ్ఛాయను మన జ్యోతిష్కులు పలభ యనిరి. విడవలూరునకు పలభ మూడంగుళములకు ఇంచుక హెచ్చు. ఒక యూరి లగ్నములను గణించుటకు ముందు పంచాంగకర్తలు తెలిసికొనవలసిన సంఖ్య ఇదియే యగుటచే, ఆరవ తరగతి బాలిక స్కేలుతో కొలిచి కనుగొనదగినంత సులభమైన సంగతిని మనము బడులలో ఏల విడిచిపెట్టితిమో నాకు బోధపడదు.

ఈ కొలతలు నోటుపుస్తకములలో చేరిన పిమ్మటనే గ్లోబును బయటికి తీయవలెను. చీకటి గదిలో నడుమ ఒక దీపము నుంచి, గ్లోబుపై విడవలూరుండు చోట చిన్న అగ్గిపుల్ల ముక్కను మైనముతో నిలువుగా అంటించి, దీపము చుట్టును నడువవలెను. ఇచట ఉపాధ్యాయులు తరచు పొరబడు సూక్ష్మ మొకటి కలదు. భూమి యక్షము సుమారు 23.5 డిగ్రీలు వాలియున్నది; ఆ వాలు సూర్యునివైపు ఎల్లప్పుడును ఉండునట్లు గ్లోబును త్రిప్పుచు నడిచిరా, పాఠమంతయు చెడిపోవును. అక్షపు కొన గదిలో ఒకే గోడను, ఆకాశమున ధ్రువనక్షత్రమును, చూపుచునే యుండవలెను. అట్లు నడిచినచో ఒక ప్రక్క ఉత్తరార్ధము దీపమువైపు వాలును, ఎదుటి ప్రక్క దీపమునుండి తొలగును. అగ్గిపుల్ల నీడ ఆవరణములోని కఱ్ఱ నీడ నడిచిన నడకనే నడుచును. ఆ ధ్రువుడెక్కడనని అడిగిన పిల్లలకు రాత్రి ఉత్తరపు దిక్కున చేయి చాచి, పిడికిలి బిగించి, నేల చూపు రేఖకు పైన ఒకటిన్నర పిడికిళ్ల యెత్తున వెదకుమని చెప్పవచ్చును. ఆ యెత్తే మన అక్షాంశము.

తీరమున నుండువారికి ఇంకొక భాగ్యము గలదు. రామతీర్థము ఒడ్డున నిలిచినచో తూర్పున కొండలు, మేడలు అడ్డులేని సముద్రరేఖ కనబడును. జూన్‌లో సూర్యుడు నికరమైన తూర్పునకు 24 డిగ్రీలు ఉత్తరముగాను, డిసెంబరులో అంతే దక్షిణముగాను నీటినుండి లేచును. ఆ రెండు చోట్లను ఒకే స్థలమునుండి గుర్తించిన బాలుడు అయనమును ఎన్నటికిని మరువడు.

భ్రమణమును గూర్చి క్లుప్తముగా చెప్పెదను. విడవలూరును మోయుచు నేల గంటకు 1,600 కిలోమీటర్లకు పైగా తూర్పునకు పరుగిడుచున్నది. అది మనకేల తెలియదని పిల్ల లడుగుదురు; క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయము దానికి చక్కని దృష్టాంతము నిచ్చినది: పడవలో ముందునకు పోవువానికి గట్టున కదలక యున్నవి వెనుకకు పోవుచున్నట్లు తోచునట్లే, కదలని నక్షత్రములు మనకు పడమటికి పోవుచున్నట్లు తోచును. తరువాతి కాలమున బ్రహ్మగుప్తుని వంటి మహామేధావి సయితము దీనిని ఖండించెనన్నచో, మన పిల్లలు వెంటనే నమ్మకుండుటలో వింతలేదు. వారిని నెల్లూరు తీరము వెంట సాగు బకింగ్‌హాం కాలువలో పడవ నెక్కించి చూపవచ్చును. శ్రీహరికోటనుండి భూస్థిర కక్ష్యకు పోవు రాకెట్లు తూర్పుముఖముగా ఏల ఎగురునో చెప్పవచ్చును. అక్కడి నేల తిరుగు వేగము, సెకనుకు సుమారు 450 మీటర్లు, ఆ రాకెట్లకు ఖర్చులేకుండ లభించుచున్నది.

ఇక వేడి సంగతి. విడవలూరున డిసెంబరు మధ్యాహ్నమున సైతము సూర్యుడు 52 డిగ్రీల యెత్తున నుండును. నడినెత్తిపై నున్ననాటి వెలుగులో నాలుగింట మూడు వంతులకు పైగా నేలకు దక్కును. అదే దినమున లండనులో సూర్యుని యెత్తు 15 డిగ్రీలు. దక్కునది నాలుగవ వంతు. మనకు అతిదీర్ఘమైన పగలు సుమారు 13 గంటలు, అతిస్వల్పమైనది 11 గంటల 15 నిమిషములు. మంచు కప్పిన చెట్టును, ఆకు రాలిన చెట్టును బొమ్మ వేసి ఇవియే ఋతువులని చెప్పు పుస్తకము ఈ తీరపు పిల్లకు తన యూరిని గూర్చి ఏమియు చెప్పుట లేదు. ఏప్రిల్ చివరనే సూర్యుడు నడినెత్తికి వచ్చినను, మే చివర వచ్చు రోహిణి కార్తెలోనే రోళ్లు పగులు ఎండలేలయనగా, నేల వేడెక్కుటకు కాలము పట్టును. ప్రతిదినమును పుచ్చుకొన్న వేడి విడిచినదానిని మించి కూడుచుండును. ఆగస్టులో సూర్యుడు మరల నడినెత్తికి వచ్చినను మబ్బులు, తడిగాలులు అడ్డుపడును.

ఇచటి వానలే ఈ పాఠమునకు శిఖరము. తెలుగుదేశమున పెక్కుచోట్ల తొలకరి జూన్‌లో నురుమును. నెల్లూరు తీరమునకు వాన ముఖ్యముగా అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వలన వచ్చును. వరిరైతు ప్రధానమైన సాగు ఆ నీటిపైనే యాధారపడును. వేసవిలో ఆసియా భూఖండము కాగి గాలిని తనవైపు లాగును. భూమధ్యరేఖ దాటి వచ్చు ఆ గాలి భూభ్రమణము వలన కుడివైపునకు ఒరిగి నైరుతినుండి వీచును, పడమటి కనుమలపై తేమనంత దింపి మన తీరమునకు వట్టి చేతులతో వచ్చును. సూర్యుడు దక్షిణమునకు దిగినపిమ్మట ఖండము చల్లబడి గాలి తిరుగుముఖము పట్టును. మరల కుడివైపునకు ఒరిగి, ఈశాన్యమునుండి బంగాళాఖాతముపై నడిచి, నీరు త్రావి మన తీరమున కురియును. నవంబరులో రేవులను భయపెట్టు తుఫాను గడియారపు ముల్లునకు ఎదురుగా సుడి తిరుగుటకును ఆ భ్రమణమే కారణము. ఒక్క ఊరి వర్షములో భూమి రెండు చలనములును కలిసి పనిచేయుచుండగా, వానిని రెండు వేర్వేరు వాక్యములుగా వల్లెవేయించుట న్యాయమా?

కఱ్ఱ నీడ కొలిచిన పిల్ల ఒకనాడు తప్పక అడుగును: "నీడ డిసెంబరు 22 నుంచే తగ్గుతా ఉంటే, ఉత్తరాయణం సంక్రాంతికని ఎందుకంటారు సార్?" ఆ ప్రశ్నను కసరి అణచరాదు. భూమి యక్షమే సుమారు 26,000 సంవత్సరముల కొకమారు ఆకాశమున నెమ్మదిగా చుట్టి వచ్చుచున్నది. మన సంక్రాంతి నక్షత్రముల ననుసరించి గణింపబడునది గనుక, సుమారు 1,700 సంవత్సరముల క్రిందట అయనముతో కలిసియున్న ఆ పండుగ నేడు మూడు వారములకు పైగా దూరమైనది. 1952లో మేఘనాద సాహా అధ్యక్షతన ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ చిక్కునే విచారించినది. 1957 మార్చి 22న అమలులోనికి వచ్చిన జాతీయ పంచాంగము విషువత్తు మరునాటితో సంవత్సరము నారంభించుచున్నది.

ఉపాధ్యాయులకు నా విన్నపము. ఏప్రిల్ 29 నాటికి బడులకు వేసవి సెలవులగును. కనుక ఆగస్టు 13న, మధ్యాహ్న భోజనపు వేళ, విడవలూరు పిల్లలను ఆవరణములోనికి పంపుడు. మన గడియారము కాకినాడ చేరువగా పోవు 82.5 డిగ్రీల రేఖదగుటచేతను, సూర్యగతిలోని స్వల్పభేదముచేతను, ఆనాటి అసలు మధ్యాహ్నము 12 గంటల 15 నిమిషముల ప్రాంతమున వచ్చును. హైదరాబాదులో ఒక పాఠశాలతో ముందుగా మాటాడుకొని అక్కడి మధ్యాహ్నమున మీటరు కఱ్ఱ నీడను కొలిపించినచో అది దాదాపు అయిదు సెంటీమీటర్లుండును. ఆ కొలతనుండి రెండు ఊళ్లకు నడుమ గల 2.8 డిగ్రీల కోణమును, ఉత్తరదక్షిణముగా గల సుమారు 310 కిలోమీటర్ల దూరమును పట్టి, ఎరటోస్తనీసు ఇరువదిరెండు శతాబ్దముల క్రిందట చేసినట్లే, పిల్లలు భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లని తామే తేల్చుకొందురు. ఆనాడు మబ్బు పట్టినను విచారింప బనిలేదు. ముందునాడును మరునాడును మీటరు కఱ్ఱ నీడ సెంటీమీటరు మించదు.