దోమలోనే కాపురం – మన జోలికి రాలేని వైరస్‌లు

దోమకాటంటే భయపడని ఊరు లేదు. ఆ భయానికి కారణమూ ఉంది. 2005 చివరలో ఆంధ్రప్రదేశ్‌లో తలెత్తిన చికున్‌గున్యా 2006లో దేశమంతా పాకింది. ఆ ఏడాది దేశంలో సుమారు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. కీళ్ళు పట్టేసి, మంచం దిగలేక ఎందరో కూలీలు పనులు పోగొట్టుకున్నారు.

అయితే దోమ ఒంట్లో ఉన్న ప్రతి వైరసూ మనకు శత్రువు కాదు. కొన్ని వైరస్‌లు దోమలోనే పుట్టి దోమలోనే పెరుగుతాయి. మనిషి, గేదె, కోడి, కప్ప, చేప వంటి వెన్నెముక ఉన్న ఏ ప్రాణిలోనూ అవి బతకలేవు.

ముద్ద కట్టిన కణాలు

ఇలాంటి వైరస్ మొదటిసారి 1975లో అమెరికాలో బయటపడింది. ప్రయోగశాలలో పెంచుతున్న పులిదోమ కణాలు ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దలయ్యాయి. కారణం వెతకగా డెంగ్యూ కుటుంబానికి చెందిన ఒక వైరస్ కనిపించింది. దాన్ని వెన్నెముక జంతువుల కణాల్లో వేస్తే పెరగలేదు.

1999లో కెన్యా దేశంలో నీరు నిలిచిన పల్లపు నేలల నుంచి దోమ పిల్లల్ని సేకరించారు. వాటి నుంచి ఎదిగిన దోమల్లో ఇలాంటిదే మరో వైరస్ దొరికింది. నీటిలోని పిల్లదశలో దోమ ఎవరినీ కుట్టదు. అంటే ఆ వైరస్ ఎవరి రక్తం నుంచో వచ్చింది కాదు. తల్లి దోమ నుంచి గుడ్లకు దిగి వస్తున్నదన్నమాట. ఇలా వంశపారంపర్యంగా సాగిపోయే వైరస్‌కు మనిషితో పని లేదు.

ఎక్కడ అడ్డుపడుతోంది?

వైరస్ తనంతట తాను పెరగలేదు. ఏదో ఒక కణంలో దూరి, ఆ కణం సరుకుతోనే తన సంతానాన్ని తయారు చేసుకోవాలి. దూరడానికి కణం పైపొర మీద దానికి సరిపడే పట్టు దొరకాలి. ఒక తాళానికి మరో తాళం చెవి పట్టనట్టే, దోమ కణానికి సరిపోయే వైరస్‌కు మన కణం తెరుచుకోకపోవచ్చు.

ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారి దోమల్లో దొరికిన ఐలాట్ వైరస్ చికున్‌గున్యా కుటుంబానిదే. 2012లో దాని వివరాలు వెల్లడించిన శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. ఆ వైరస్ జన్యుపదార్థాన్ని తామే జంతు కణాల లోపలికి పంపించి చూశారు. అయినా అది పెరగలేదు. తలుపు దగ్గరే కాదు, లోపల కూడా అడ్డు ఉందని దీనితో తేలింది.

లోపలి అడ్డంకులు ఒకటి కాదు. దోమ శరీరం చుట్టూ ఉన్న గాలిని బట్టి చల్లబడుతుంది, వేడెక్కుతుంది. మన ఒళ్ళు ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. కొన్ని దోమ వైరస్‌లు ఆ వేడిలో పెరగలేవు. పైగా మన కణాలు వైరస్‌ను పసిగట్టగానే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేసి పక్క కణాలను హెచ్చరిస్తాయి. దోమకు ఇంటర్‌ఫెరాన్ లేదు. దాని రక్షణ పద్ధతి వేరు. దోమలోనే ఉండే వైరస్‌కు మన రక్షణను తప్పించుకునే నేర్పు అలవడలేదు. డెంగ్యూ, చికున్‌గున్యా వైరస్‌లు ఇటు దోమలోనూ అటు మనిషిలోనూ బతకడం నేర్చినవి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

అడ్డే ఆయుధం

ఈ అసమర్థతే శాస్త్రజ్ఞులకు అక్కరకు వచ్చింది. ఐలాట్ వైరస్‌కు చికున్‌గున్యా పైతొడుగు తగిలించి ఒక టీకా తయారు చేశారు. అది శరీరంలో పెరగదు, కానీ రక్షణ శక్తిని మేల్కొల్పుతుంది. ఒక్క మోతాదుతోనే ఎలుకలకు, కోతులకు చికున్‌గున్యా నుంచి రక్షణ కలిగినట్టు 2017లో ప్రకటించారు. 1975లో దొరికిన వైరస్ సోకిన పులిదోమల్లో డెంగ్యూ, జికా వైరస్‌ల వ్యాప్తి తగ్గినట్టు 2019లో ప్రయోగశాలలో గమనించారు.

అలాగని దోమను వదిలేయరాదు. ఏ దోమలో ఏ వైరస్ ఉందో కంటికి కనిపించదు. హాని లేని వైరస్ ఉన్న దోమలోనే డెంగ్యూ కూడా ఉండవచ్చు. వారానికి ఒకసారి తొట్లు, కుండలు ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టాలి. పాత టైర్లలో, కొబ్బరి చిప్పల్లో నీరు నిలవనీయరాదు. పులిదోమ పగలే కుడుతుంది కనుక పగటి పూట పడుకునే పసిపిల్లలకు కూడా దోమతెర కట్టాలి.